అమీర్‌పేటలో ఎక్కుదాం: చిన్నపిల్లలకు ఆటలతో పియానో నేర్పడం ఎలా?

మా అబ్బాయికి నాలుగేళ్లు నిండాయో లేదో, కీబోర్డు కొనుక్కొచ్చి, ఫస్ట్ లెవెల్ పుస్తకం ముందు పెట్టి, వాడి బొటనవేలు పట్టుకెళ్లి మిడిల్ సీ (కీబోర్డు మధ్యలో ఉండే సీ స్వరం) మీద పెట్టాను. "ఇది ఒకటో వేలు, ఇది సీ, నాలుగు లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి" అన్నాను. మూడో రోజుకే వాడు స్టూలు మీంచి జారి స్టాండు కిందకి దూరాడు. రెండో వారానికి, కీబోర్డు మీద గుడ్డ తీస్తుంటేనే "అమ్మా, కడుపునొప్పి" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ కీబోర్డు ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు మోసింది.

తప్పు వాడిది కాదని తెలియడానికి నాకు ఆ ఏడాది పట్టింది. మళ్లీ మొదటి నుంచి, వేరే దారిలో మొదలుపెట్టాను. ముందు వాడితో, తర్వాత తార్నాకలోని మా అపార్ట్‌మెంట్ పిల్లలతో. ఇక్కడ రాసేది మూడున్నర నుంచి ఆరేళ్ల లోపు పిల్లల గురించి, అదీ మొదటి నాలుగు నెలల గురించి. సంగీతం రాని అమ్మానాన్నలు కూడా చేయగలిగినదే. ఒక్కటి గుర్తుంచుకోండి: "పాఠం అయ్యాక ఆడుకోనిస్తా" అనే మాట ఇందులో ఎక్కడా ఉండదు. ఆటలోనే పాఠం అయిపోవాలి, అయిపోయిందని పిల్లకి తెలియనక్కర్లేదు.

ముందు వాయిద్యం, ఆ తర్వాత పీట

హార్మోనియం వాయించేవాళ్లు నొక్కే పలకల్ని "మెట్లు" అంటారు. నాకూ ఆ మాటే బాగుంటుంది. "కీలు" అంటే నాకు తలుపు కీలో, మోకాలి కీలో గుర్తొస్తుంది. పూర్తి పియానోకి 88 మెట్లు: 52 తెల్లవి, 36 నల్లవి. ఈ వయసుకి అన్ని అక్కర్లేదు, 61 మెట్ల కీబోర్డు చాలు. దుకాణానికి వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక స్కేలు వేసుకెళ్లండి. వరుసగా ఏడు తెల్ల మెట్లు కలిపి కొలిస్తే 16.5 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. బాగా తక్కువ వచ్చిందంటే అది బొమ్మ సైజు. చిన్న చేతులకి చిన్న మెట్లు బాగుంటాయని అనిపిస్తుంది గానీ, ఆ దూరాలకి అలవాటైన వేళ్లు తర్వాత అసలు పియానో మీద తడబడతాయి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. ఒకే మెట్టుని ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కండి. రెండుసార్లూ ఒకేలా మోగితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. అసలు ఈ వాయిద్యం పుట్టిందే ఆ తేడా కోసం. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే తీగని ఒక చిన్న మొన మీటుతుంది, ఎంత బలంగా నొక్కినా ధ్వనిలో పెద్దగా తేడా రాదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్టొలోమియో క్రిస్టోఫరి అనే ఆయన మొనకి బదులు సుత్తులు పెట్టాడు. వేలి బలాన్ని బట్టి సుత్తి దెబ్బ మారుతుంది. అందుకే దానికి "పియానో-ఫోర్టే" అన్న పేరు, అంటే మెల్లగా-గట్టిగా. పిల్లలకి ఈ కథ చెప్పండి, "సుత్తుల పెట్టె" అన్న మాట వాళ్లకి భలే నచ్చుతుంది.

ఎవరైనా ఇల్లు మారుతూ పాత పియానో ఇస్తామంటే, చేరవేత ఖర్చు, శ్రుతి చేసే మనిషి దొరకడం చూసుకుని ఒప్పుకోండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉండి చెక్క ఎండుతుంది, జూలైకల్లా తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏడాదికి రెండుసార్లయినా శ్రుతి చేయించుకోకపోతే పిల్ల చెవి తప్పుడు స్వరానికి అలవాటు పడుతుంది.

ఇక కూర్చోవడం. మోచేయి మెట్ల ఎత్తుకి రావాలి, పాదాలు గాల్లో వేలాడకూడదు. కుర్చీ మీద మెత్త వేస్తే మొదటిది సరిపోతుంది. రెండోదానికి పాత భోజనాల పీట ఉంటే పాదాల కింద పెట్టండి, దాన్ని మించింది బజార్లో దొరకదు. మూడున్నరేళ్ల పిల్లలైతే నిలబడి వాయించినా పర్లేదు. ఇంకో చిన్న పని: కీబోర్డు మీద డెమో బటన్ ఉంటే దాని మీద టేపు వేసేయండి. ఆ బటన్ కనిపెట్టిన పిల్లలు ఆ రోజుకి ఇంకేమీ చేయరు.

మొదటి వారం: వినడం

ఈ వారం పిల్ల వాయించాల్సిన పనే లేదు. కీబోర్డుకి వీపు పెట్టి నిలబడమనండి. మీరు ఎడమ చివర మెట్లు నొక్కితే ఏనుగులా నడవాలి, కుడి చివరవి నొక్కితే పిచ్చుకలా గెంతాలి, మధ్యలోవైతే మనిషి. "పై స్వరం, కింది స్వరం" అంటే పెద్దవాళ్లకి తెలుస్తుంది గానీ పిల్లలకి కాదు. వాళ్ల కళ్లకి కీబోర్డు మీద పైనా కిందా లేవు, కుడి ఎడమలే ఉన్నాయి. ఏనుగు-పిచ్చుక ఆట ఆ చిక్కు తీరుస్తుంది. మూడు రోజులయ్యాక తేడా తగ్గించండి. పక్కపక్క మెట్లలో ఏది పిచ్చుక వైపో చెప్పగలిగితే చెవి తెరుచుకున్నట్టే.

మెల్లగా-గట్టిగా నేర్పడానికి మా ఇంట్లో "తాతయ్య పడుకున్నారు" ఆట. మా మామగారు సోఫాలో పడుకుని గురక పెడతారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆయన లేవకుండా మూడు మెట్లు నొక్కి వెళ్లాలి. గట్టిగా మోగితే ఆయన దిగ్గున లేచి కళ్లద్దాలు వెతుక్కుంటారు. వేలి బలం గురించి నేను ఎంత చెప్పినా రానిది ఆ గురక ముందు ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. (ఆయన నిజంగానే నిద్రపోయిన రోజులూ ఉన్నాయి.)

వీలైతే ఓ ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడి పాత గడియారంలోంచి గంట గంటకీ ఓ చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు వినొచ్చు. ఆ ముందు రెండు నిమిషాలు హాలంతా నిశ్శబ్దం, పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టమనండి, ఇంటికొచ్చాక ఒక మెట్టు మీద అన్నే కొట్టమనండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకోండి.

నల్ల మెట్ల మీద మోహనం

చాలా పుస్తకాలు తెల్ల మెట్లతో మొదలవుతాయి. నేను నల్లవాటితోనే మొదలుపెడతాను, మొదటి నెలంతా అక్కడే ఉంటాను. అవి ఎత్తుగా ఉంటాయి, గుంపులుగా ఉంటాయి, తడిమితే తెలుస్తాయి. రెండేసి, మూడేసి. ముందు వేట: "రెండు ఉన్నవన్నీ ఎక్కడున్నాయి?" 61 మెట్ల కీబోర్డులో ఐదు జంటలు, ఐదు ముగ్గుర్లు దొరుకుతాయి. జంటల మీద చింతగింజలు, మూడేసి ఉన్నచోట శనగలు పెట్టించండి. 88 మెట్ల పియానో అయితే ఎడమ చివర ఏ గుంపులోనూ చేరని నల్ల మెట్టు ఒకటి మిగిలిపోతుంది. దాన్ని కనిపెట్టిన పిల్ల ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపిస్తుంది.

తర్వాతది ఈ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. మీరు ఎడమ వైపు కూర్చుని, మూడేసి ఉన్న గుంపు ఒకదానిలో ఎడమ చివరిదీ, దానికి కుడి పక్కనున్న జంటలో ఎడమదీ కలిపి నొక్కి పట్టుకోండి. తంబురాలా. అవే మీ స, ప. మన గాత్రం లెక్కలో నాలుగున్నర శ్రుతి (స ఏ ఎత్తులో ఉందో చెప్పే అంకె). ఇప్పుడు పిల్లని కుడి వైపు నల్ల మెట్ల మీద ఇష్టమొచ్చినట్టు వాయించుకోమనండి. తప్పు వాయించడం సాధ్యం కాదు. ఎందుకంటే మూడు నల్లవి స రి గ, కుడి పక్క జంట ప ద: అచ్చం మోహన రాగం. ఈ ఐదింటిలో ఏ రెంటి మధ్యా అర స్వరం దూరం (నల్లవీ తెల్లవీ కలిపి చూస్తే పక్కపక్క మెట్ల మధ్య ఉండేంత) లేదు కాబట్టి ఏది దేనితో కలిసినా చెవికి గుచ్చుకోదు.

మొదటిసారి ఈ ఆట ఆడినరోజు వంటింట్లోంచి మా అత్తగారు "మోహనం ఎవరు వాయిస్తున్నారే?" అని కేకేశారు. వాయిస్తున్నది మూడో ఫ్లోర్ పిల్ల. నాలుగేళ్లు, ఎడమ చేతిలో బొమ్మ ఆటో.

కర్ణాటక సంగీతం తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకో అడుగు వేయొచ్చు. పిల్ల అవే మెట్లు వాయిస్తుంటుంది, మీరు పట్టుకునే షడ్జం (స) మాత్రం మార్చండి. మూడింటిలో మధ్యది పట్టుకుంటే మధ్యమావతి అవుతుంది, కుడి చివరది ఒక్కటే పట్టుకుంటే హిందోళం. దీన్నే గ్రహభేదం అంటారు. పిల్లకి ఆ మాట చెప్పకండి. "ఇప్పుడు ఎలా ఉంది? పొద్దున్నా, రాత్రా?" అని అడిగి, ఏం చెప్తే అది వినండి. ఓ పిల్లాడు హిందోళం విని "లైట్లు ఆర్పేశారు" అన్నాడు.

వేళ్ల సంగతి కూడా ఇక్కడే. జంట మీద చూపుడు వేలు, నడిమి వేలు. మూడింటి మీద ఉంగరపు వేలు కూడా కలుస్తుంది. బలం లేని చిటికెన వేలికి అప్పుడే పని చెప్పొద్దు. చెయ్యి బల్లపరుపుగా పడిపోతుంటే అరచేతిలో నిమ్మకాయ పెట్టి, తర్వాత తీసేసి "నిమ్మకాయ ఇంకా ఉందనుకో" అనండి. పియానోలో రెండు చేతుల బొటనవేళ్లూ ఒకటి, చిటికెన వేళ్లు ఐదు. ఇంట్లో అక్కో అన్నో వయొలిన్ నేర్చుకుంటుంటే ఆ లెక్క వేరు, అక్కడ చూపుడు వేలు ఒకటి. ఇద్దరూ దీని మీద దెబ్బలాడుకోకుండా ముందే చెప్పి ఉంచండి.

రోడ్డు మీద లయ

లయని మేం బండ్ల పేర్లతో నేర్పుతాం. ఒక దెబ్బకి "బస్". ఒక దెబ్బలో రెండు ముక్కలైతే "ఆ-టో". నాలుగైతే "మె-ట్రో-రై-లు". రెండు దెబ్బలు సాగితే "వ్యా...న్". దెబ్బ ఖాళీగా పోతే "సిగ్నల్", అంటే చేయి పైకెత్తి నోరు మూసుకోవడం. నాలుగు దెబ్బలకి ఒక వరుస: బస్, బస్, ఆటో, బస్. మీరు చెప్పాలి, పిల్ల చప్పట్లు కొట్టాలి, తర్వాత తారుమారు. ఆదితాళం వేయడం తెలిసినవాళ్లకి ఇలాంటి వరుసలు రెండు కలిపితే ఒక ఆవర్తనం. కాలితో నడుస్తూ చేతితో చప్పట్లు వేయించండి, రెంటినీ కలపడం మనం అనుకున్నంత సులువు కాదు. మీరే చేసి చూడండి.

పిల్లలకి అన్నిటికన్నా కష్టం సిగ్నల్. ఆగమంటే ఆగరు, ఆ ఖాళీలో ఏదో ఒకటి దూర్చేస్తారు. "సిగ్నల్ దాటితే చలానా" అని ఓ బటాణీ గింజ ఫైను వేస్తే కుదిరింది.

గోల్కొండ వెళ్లే పని పడితే అక్కడో పాఠం ఉచితం. ముఖద్వారం దగ్గర గోపురం కింద కొట్టిన చప్పట్లు పైన కొండ మీది బాలాహిసార్ దాకా వినిపిస్తాయి. నాన్నగారు పైకెక్కాలి, పిల్ల కింద "బస్, ఆటో, బస్, సిగ్నల్" కొట్టాలి, ఏం వినిపించిందో నాన్న ఫోన్‌లో చెప్పాలి. చప్పట్లు తేటగా లేకపోతే పైన ఆటో బస్సైపోతుంది. తేటగా కొట్టడం అంటే ఏమిటో మా అబ్బాయికి అక్కడే అర్థమైంది.

అమీర్‌పేట స్టేషన్

రెండో నెలలో తెల్ల మెట్లకి రండి. అన్నిటి మీదా అక్షరాల స్టిక్కర్లు అంటించకండి. అలా చేస్తే పిల్ల అక్షరాలు చదువుతుంది, మెట్లని చూడదు. ఒక్కటే స్టిక్కర్, మిడిల్ సీ మీద. జంట నల్లవాటికి ఎడమ పక్కనున్న తెల్లదే సీ. 61 మెట్లలో ఎడమ నుంచి మూడో సీ, 88 మెట్లలో నాలుగోది. దాన్ని మా పిల్లలు "అమీర్‌పేట" అంటారు. మియాపూర్-ఎల్బీనగర్ లైనూ, నాగోల్-రాయదుర్గం లైనూ కలిసేది అక్కడే కదా. కుడి చేతి లైనూ ఎడమ చేతి లైనూ కలిసేది ఇక్కడ. మన మెట్రో మొదలైంది 2017 నవంబర్‌లో, ఈ పిల్లలంతా ఆ తర్వాత పుట్టినవాళ్లు, కాబట్టి వేరే వివరణ అవసరం పడదు. ఈ పోలిక తర్వాత పియానో స్వరాలు రాసే కాగితం మీద కూడా పనికొస్తుంది: పై ఐదు గీతలకీ కింది ఐదు గీతలకీ మధ్య ఒంటరి చిన్న గీత మీద కూర్చునేది ఈ స్వరమే.

అమీర్‌పేట దొరికాక జంట నల్లవాటి మధ్య ఇరుక్కున్నది డీ, కుడి పక్కది ఈ. ఈ మూడింటితోనే రెండు వారాలు. మూడు స్వరాలతో పిల్ల తన పేరు వాయించాలి, "అమ్మా ఆకలి" వాయించాలి, నాయనమ్మని పిలవాలి.

మెట్లకి సీ, డీ అనే పేర్లా, స రి గ లా? అందరూ అడిగే ప్రశ్న ఇది. మెట్టుకి అక్షరం, పాటకి స్వరం: ఇదీ నా పద్ధతి. సీని ఎప్పటికీ "స" అని నేర్పిస్తే, తర్వాత గాత్రం నేర్చుకునేటప్పుడు ఐదో శ్రుతికి స మారగానే పిల్ల తికమక పడుతుంది. సీ నుంచి తెల్ల మెట్లన్నీ వరుసగా వాయిస్తే శంకరాభరణం. గాత్రం క్లాసులో మొదట నేర్పే మాయామాళవగౌళ కావాలంటే రెండో స్వరానికీ ఆరో స్వరానికీ తెల్లదానికి బదులు దాని ఎడమ పక్క నల్ల మెట్టు నొక్కాలి. తాతగారు "పియానో మీద గమకం రాదు కదమ్మా" అంటే (గమకం అంటే స్వరాన్ని ఊపి పలికించడం) ఒప్పుకోండి, నిజంగానే రాదు.

ఒక సాయంత్రం, పది నిమిషాలు

మొన్న బుధవారం ఇలా జరిగింది. ఆరు గంటలు, పాలు తాగడం అయింది. పిల్ల వాళ్లమ్మతో వచ్చింది. వాళ్లమ్మ ఫోన్ బయటి గదిలో పెట్టి పక్కన కూర్చుంది. పెద్దవాళ్లు కూర్చోని చోట ఈ వయసు పిల్లలకి నేర్పడం నేను మానేశాను.

తలుపు దగ్గరి నుంచి కీబోర్డు దాకా "బస్ బస్ ఆటో బస్" నడిచొచ్చింది. కూర్చోగానే రెండు చేతులతో ధబధబా బాదింది. బాదనిచ్చాను. అది రోజూ ఉంటుంది, అర నిమిషంలో అదే ఆగుతుంది, ఆపబోతే పది నిమిషాలు సాగుతుంది. ఆగాక "ఇప్పుడు ఏనుగు అమీర్‌పేటకి రావాలి" అన్నాను. ఎడమ చివర నుంచి ఒక్కో సీ వెతుక్కుంటూ వచ్చింది. రెండోచోట పొరపాటున ఎఫ్ (మూడు నల్లవాటికి ఎడమ పక్కనున్న తెల్లది) నొక్కింది. నేనేమీ అనలేదు. చెవి పెట్టి విని, నల్లవి లెక్కపెట్టి, "ఇది ముగ్గురిది" అని తనే వెనక్కి జరిగింది. ఆ సాయంత్రం పాఠమంతా నాకు ఆ ఒక్క కదలికే.

తర్వాత నల్ల మెట్ల మీద మేమిద్దరం. నేను తంబురా, తను వాన. చినుకులు, జోరు, మళ్లీ చినుకులు. వాన ఆగింది. "ఇంకోసారి" అంది. అక్కడే ఆపేశాను. గడియారంలో తొమ్మిది నిమిషాలు. "ఇంకోసారి" అన్నప్పుడే ఆపడం పెద్దవాళ్లకి చాలా కష్టం, అబ్బ, నేర్చుకుంటోంది కదా, ఇంకో పావుగంట లాగుదాం అనిపిస్తుంది. లాగితే రేపు కడుపునొప్పి వస్తుంది.

వారానికి ఒకసారి గంటకన్నా రోజూ పది నిమిషాలు నయం. జ్వరం వచ్చినా, ఊరెళ్లినా మానేయండి, లోటు తీర్చాలని చూడకండి.

ముగ్గుతో ఐదు గీతలు

నాలుగో నెలకి ముందు పుస్తకం తీయను. అప్పుడు కూడా ముందు మేడ మీదకి వెళ్తాం. ముగ్గుపిండితో ఐదు పొడుగు గీతలు, మధ్య నాలుగు సందులు. పిల్లే స్వరం: గీత మీద నిలబడితే గీత స్వరం, సందులో నిలబడితే సందు స్వరం. పక్కన ఎవరో కీబోర్డు మీద ఒక తెల్ల మెట్టు పైకి (కుడికి) వెళ్తే గీత నుంచి సందుకి గెంతాలి. కీబోర్డు మేడ మీదకి తేలేకపోతే ఫోన్‌లో పియానో యాప్ పెట్టుకోండి. గీత, సందు, గీత, సందు అని కాళ్లకి తెలిశాక కాగితం మీద చూపిస్తే పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

ముగ్గు వేసేటప్పుడు గీతల మధ్య ఒక అడుగు దూరం ఉంచండి. మొదటిసారి నేను చేతి వెడల్పుతో వేశాను, పిల్లలు ఒకేసారి రెండు స్వరాల మీద నిలబడ్డారు.

మొండికేస్తే, టీచర్ని వెతికితే

మొండికేసే రోజున మీరు కూర్చుని మీకోసం మీరు వాయించుకోండి, కావాలనే తప్పులు వాయించండి. "అలా కాదు" అంటూ వచ్చేస్తారు. రాకపోతే రాలేదు.

చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, వాయించి చూపించు" అనకండి. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెడితే పేరంటానికి వచ్చినవాళ్లు కబుర్లాడుకుంటుండగా ఓ మూల నల్ల మెట్ల మీద వాన కురిపించుకోనివ్వండి. అది చాలు.

ఇంటి దగ్గర నాలుగు నెలలయ్యాక టీచర్ కావాలనిపిస్తే, చేరే ముందు ఒక క్లాసు చూడనిమ్మని అడగండి. అమ్మానాన్నలు లోపల కూర్చోవచ్చా, మొదటి నెలలో ఏం చేయిస్తారు అని అడగండి. "మూడు నెలల్లో పాట వాయించేస్తుంది" అని మాట ఇచ్చేవాళ్లకి నేనైతే దండం పెట్టి వచ్చేస్తాను. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ సంస్థల సంగీత పరీక్షలు హైదరాబాద్ పిల్లలు చాలామంది రాస్తున్నారు, మంచివే, కానీ ఎనిమిది గ్రేడ్లూ ఎక్కడికీ పోవు. ఆన్‌లైన్ క్లాసు ఆరేళ్ల లోపు పిల్లలకి నా అనుభవంలో కుదరలేదు. ధ్వని ఆలస్యంగా వస్తుంది కాబట్టి కలిసి వాయించడం కుదరదు, మా ఆటల్లో సగం కలిసి వాయించేవే.

స్టిక్కర్ ఎప్పుడు తీసేయాలని కూడా అడుగుతుంటారు. మీరు తీయకండి. పిల్ల వేళ్లు దాన్ని చూడకుండానే అమీర్‌పేట చేరడం మొదలయ్యాక అంచులు లేచి, మురికి పట్టి, ఓ రోజు తనే పీకేస్తుంది. మెట్టు మీద మిగిలిన జిగురుని కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో, ప్లగ్ తీసేశాకే తుడవండి.